ముగ్గురు అన్నల జట్టు

కడప,
1955 సెప్టెంబరు 12, సోమవారం.

ప్రియమైన మనుమడు గాబ్రియేలుకు అవ్వ రాహేలమ్మ దీవెనలు.

నెలకొక ఉత్తరం అని మనం అనుకున్నాం. ఈ నెల ఉత్తరం ఒకటో తేదీన రాశాను. మళ్లీ ఇప్పుడు రాయడానికి రెండు కారణాలు ఉన్నాయి.

నిన్న ఆరాధన అయ్యాక బాలుర పాఠశాల హెడ్మాస్టరు నన్ను గుడి మెట్ల దగ్గర ఆపాడు. వాళ్ల డ్రిల్లు మేస్టరు డిసెంబరు ఆఖరుకు పని మానుకుంటున్నాడు. ఆ పనిలోకి నిన్ను తీసుకోవడం ఆయనకు ఇష్టమే. దరఖాస్తు డిసెంబరు పదో తేదీలోగా అందాలి. జీతం నీ గుమాస్తా జీతానికి తక్కువ కాదు. పాఠశాల మన ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది. నీకు తెలియనిది కాదు, నువ్వు చదువుకున్నదే.

ఈ మాట చెబుతూనే ఆయన, "కర్నూలు వాళ్లు అనంతపురంలో నాలుగు గోల్సు తేడాతో ఓడినారంట కదమ్మా?" అన్నాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించి, ఎండ ఎక్కువగా ఉందని చెప్పి వచ్చేశాను. పోయిన వారం నీ ఉత్తరం అందింది. అందులో వానల సంగతి ఉంది, బొజ్జన్న కూతురి పెళ్లి సంగతి ఉంది, ఓటమి సంగతి లేదు.

నీకు ముప్పై ఎనిమిదేళ్లు నిండాయి. మద్రాసులో హాకీ ఆడి పతకం తెచ్చుకున్నప్పుడు ఇరవై నాలుగు. ఇప్పుడు నువ్వు జట్టును మోస్తున్నావా, జట్టు నిన్ను మోస్తోందా? సూటిగా అడిగాను. సూటిగా జవాబు రాయి.

"మోకాలి భాద" అని రాశావు. ఒత్తు మొదటి అక్షరానికి కాదు, రెండో అక్షరానికి. నీ తల్లి పోయి నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్న ఏడే ఈ మాట చెప్పాను. అప్పుడు నీకు ఆరేళ్లు.

నీ అవ్వ,
రాహేలమ్మ.


కర్నూలు,
1955 సెప్టెంబరు 21.

అవ్వకు నమస్కారాలు.

బాధ. బాధ. బాధ. మూడుసార్లు రాశాను, చూసుకో.

ఓటమి సంగతి దాచాలని దాచలేదు. నీకు ఆట మీద ఆసక్తి లేదు కదా, చెప్పి ఏం ప్రయోజనం అనుకున్నాను. ఇప్పుడు అడిగావు కాబట్టి చెబుతాను.

మా తుంగభద్ర జట్టులో ముగ్గురం పాతవాళ్లం. గోల్ కాసేది బొజ్జన్న. అతని ముందు ఎడమ పక్క పెద్ద ఈరన్న. వాళ్లిద్దరికీ ముందు, మైదానం నడుమ, సెంటర్ హాఫ్‌గా నేను. మిగిలిన ఎనిమిది మంది నిన్నమొన్న కాలేజీ వదిలిన పిల్లలు. ఈ ఏడు పోటీల్లో ఆరు జట్లున్నాయి. అట్టడుగున మిగిలిన జట్టుకు వచ్చే ఏడు పిలుపుండదు. పిలుపు లేని జట్టు ఎన్నాళ్లుంటుంది చెప్పు?

మా సెక్రటరీ మహానంది నీకు గుర్తుండే ఉంటాడు, చెనిక్కాయల నూనె మిల్లు ఆయన. "జనం వచ్చేది మీ ముగ్గుర్ని చూసేకప్పా, పిల్లోళ్లని చూసేకి కాదు" అంటాడు. కమిటీలో తక్కినవాళ్లు మరోలా అంటున్నారని విన్నాను. పేటలో టీ కొట్టు దగ్గర ఒకడైతే మొహానే అడిగాడు: "ఏమప్పా గాబ్రియేలన్నా, మీ టీములో ముగ్గురికి పింఛను ఎప్పుడొస్తాది?" అందరూ నవ్వినారు, నేనూ నవ్వాను. టీ మాత్రం చల్లారిపోయింది.

కర్నూలు రాజధాని అయినా మా ఆఫీసు ఇంకా గుడారంలోనే. గాలి లేస్తే కాగితాల మీద రాళ్లు పెట్టుకుని రాసుకుంటాము. సాయంత్రం అయిదు దాటితే మైదానానికి పోతాను. అక్కడినుంచి గదికి. గదిలో ఒక మంచం, దీపం, నా మనసంతా ఉన్న ఒక పాత స్టిక్కు. కట్టుకున్న దీనమ్మ పోయినాక నాలుగేళ్లుగా అంతే కదా.

డ్రిల్లు మేస్టరు పని గురించి ఆలోచిస్తాను.

నీ మనుమడు,
గాబ్రియేలు.


కడప,
1955 అక్టోబరు 3.

గాబ్రియేలుకు దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ఆట గురించి అడిగితే నువ్వు జనం గురించి రాశావు. జనం ఎందుకు వస్తున్నారో, టీ కొట్టు దగ్గర ఎవడు ఏమన్నాడో నాకు అక్కరలేదు. నాలుగు గోల్సు ఎటువైపునుంచి వచ్చాయి? అప్పుడు నువ్వు ఎక్కడున్నావు? తప్పు లెక్కను చూసి బాధపడేవాళ్లను బడిలో నలభై ఏళ్లు చూశాను. తప్పు ఏ వరుసలో పడిందో చూసినవాళ్లే మళ్లీ సరిగా చేశారు.

ఆట మీద నాకు ఆసక్తి లేదని రాశావు. ఆసక్తి వేరు, తీరిక వేరు. తీరిక ఇప్పుడు కావలసినంత ఉంది. పక్కింటి లక్ష్మీదేవమ్మ మైదుకూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రాలు గోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు గోడ ఉంది.

ముందు గదికి సున్నం వేయిస్తున్నాను. ఎలాగూ వేయించవలసిందే.

రాహేలమ్మ.


కర్నూలు,
1955 అక్టోబరు 17.

అవ్వా,

మొన్న శనివారం హిందూపురం వాళ్లతో ఆడి మూడు రెండుతో ఓడినాము. నువ్వు అడిగినట్టే రాస్తాను.

మూడూ నడుమనుంచే వచ్చాయి. అంటే నా చోటునుంచే. పక్కలనుంచి ఒక్కటీ రాలేదు. బంతి ఎక్కడికి వస్తుందో నాకు ముందే తెలుస్తూనే ఉంది. అది ఇంకా పోలేదు. తెలిసిన చోటికి పోయేలోపు ఒక అడుగు వెనకబడుతున్నాను. ఆ ఒక్క అడుగులో వాళ్ల పిల్లోడెవడో బంతి తీసుకుపోతాడు.

నా పక్కన ఎడమ హాఫ్‌లో శ్రీనివాసులని ఒక పిల్లవాడున్నాడు. ఇరవై ఏళ్లుంటాయి. పరుగెత్తితే కుందేలే. కానీ అవ్వా, మూడో గోల్ వచ్చినప్పుడు బంతి వాని కాళ్ల దగ్గరే ఉండింది. వాడు తాకలేదు. స్టిక్కు పట్టుకుని నిలబడినాడు. నేను వచ్చేలోపు అంతా అయిపోయింది. నాకు ఒళ్లు మండి అందరి ఎదుటా అరిచాను, "భయమైతే ఇంట్లో కూచోరాదా?" అని. వాడు తర్వాత పంపు దగ్గర మొహం కడుక్కుంటూ శానా సేపు ఉండిపోయినాడు. ఏడ్చినాడని బొజ్జన్న చెప్పినాడు.

రాత్రి మహానంది ఇంట్లో కమిటీ కూడింది. ముసలి ఆటగాళ్లను ఉంచాలా, తీసేయాలా అన్నదే మాట. "పేరున్నోళ్లు ఉంటేనే జట్టుకు బలం" అని కొందరు. "పేరు పరుగెత్తదు గదప్పా" అని కొందరు. పెద్ద ఈరన్న గుమ్మం బయటే నిలబడి అంతా విన్నాడు. కడపలో ఆట చూసినాక తేలుస్తామన్నారు.

ఆ ఆట నవంబరు 19న, శనివారం సాయంత్రం. నేను ఇన్నేళ్లు ఆడినా నువ్వు ఎప్పుడూ వచ్చి చూడలేదు. ఈసారి మీ ఊరికే వస్తున్నాము. వస్తావా? చూసి నువ్వు ఏది చెబితే అది నమ్ముతాను. మిగతావాళ్లకు నా మీద ప్రేమో కోపమో ఉన్నాయి. నీకు మాత్రం లెక్క ఉంది.

గాబ్రియేలు.


కడప,
1955 అక్టోబరు 26.

గాబ్రియేలుకు,

వస్తాను. ఆడవాళ్లు కూర్చునే చోటు లేదని హెడ్మాస్టరు అన్నాడు. కుర్చీ నేనే పంపించుకుంటానని చెప్పాను.

జట్టుకంతటికీ మధ్యాహ్నం భోజనం మన ఇంట్లో. బస్సు దిగగానే తిన్నగా ఇటు రావాలి. జొన్నరొట్టె, పప్పు, ఊరిబిండి పచ్చడి, మజ్జిగ. పరుగెత్తవలసినవాళ్లకు అంతకంటే పెట్టకూడదు.

నాకు లెక్క ఉంది, ప్రేమ లేదు అని రాశావు. అక్షరాలు అలా లేవు, అర్థం అలా ఉంది. దిద్దుకో.

ముందు గది సున్నం ఆరింది. నీ పాత మేజాబల్ల అక్కడ వేయించాను. హెడ్మాస్టరు ఆదివారం మళ్లీ అడిగాడు. ఆలోచిస్తున్నాడని చెప్పాను.

రాహేలమ్మ.


కర్నూలు,
1955 నవంబరు 21.

అవ్వా,

నువ్వు ఒక్క మాటా అనలేదు.

ఆట ముందు అందరికీ రొట్టెలు వడ్డించినావు. పేర్లు అడిగినావు. మహానంది ఆకలి లేదని అరటిపండ్లతో సరిపెట్టుకుంటే, ఆకలి లేనివాళ్లు నాలుగు తినరని అనేసినావు. పిల్లోళ్లు తిరుగుదారిలో ఆళ్లగడ్డ వరకూ దాన్నే తలుచుకుని నవ్వినారు. ఆట జరిగినంతసేపూ గొడుగు కింద నిటారుగా కూర్చున్నావు. రెండు ఒకటితో ఓడిపోయి నేను నీ దగ్గరికి వస్తే, "చెమట తుడుచుకో, బస్సు ఎక్కు" అన్నావు. అంతే.

నీ మొహం చూస్తే అర్థమైంది. నువ్వు చెప్పలేకపోయినావు కాబట్టి నేనే చెబుతాను. నా పని అయిపోయింది.

రెండో గోల్ ఎలా పోయిందో చూసినావు కదా. బంతి మా గోలుకు పది గజాల్లో. ముగ్గురం పాతవాళ్లం ఒకేసారి దాని మీదికి పోయినాము. నేను ముందునుంచి, ఈరన్న పక్కనుంచి, బొజ్జన్న గోలు వదిలేసి. ముగ్గురం గుద్దుకుని పడినాము. బంతి ఖాళీ గోలులోకి దొర్లుకుంటూ పోయింది. మీ ఊరివాళ్లు ఈలలు వేసినారు. ఒకడు "ముగ్గురు తాతలు మూడు ముంతలు" అని కేక పెట్టినాడు. లేస్తూ నీవైపు చూశాను. నువ్వు తల దించుకుని కవరు మీద ఏదో రాసుకుంటున్నావు. అప్పుడే నిర్ణయించుకున్నాను.

దీనితో దరఖాస్తు పంపుతున్నాను. సంతకం పెట్టినాను. హెడ్మాస్టరుకు నీ చేత్తో ఇవ్వు. ముందు గదిలోకి జనవరి ఒకటికి వస్తాను. ఇద్దరం ఉంటాము. మంచిదే కదా?

గాబ్రియేలు.


కడప,
1955 నవంబరు 25, శుక్రవారం.

ప్రియమైన గాబ్రియేలూ,

దరఖాస్తు అందింది. నా ఎదుట బల్ల మీద ఉంది. హెడ్మాస్టరు ఇంటికి నడిస్తే పావుగంట. నా కోసమే అయితే అందిన పూటే ఇచ్చి వచ్చేదాన్ని. నువ్వు నన్ను చూసి చెప్పమని పిలిచావు కాబట్టి, చూసింది చెప్పకుండా ఇవ్వకూడదు. రెండు రోజులుగా ఆ కాగితాన్ని ఇటునుంచి అటు జరుపుతూ ఉన్నాను.

ఆ రోజు నేను మాట్లాడకపోవడానికి కారణం నువ్వనుకున్నది కాదు. చూసినదాన్ని నమ్మడానికి నాకు కొంత వ్యవధి కావలసి వచ్చింది.

ముందు భోజనం సంగతి. విస్తళ్లు వేశాక పిల్లలెవరూ కూర్చోలేదు. బొజ్జన్న కాళ్లు కడుక్కుని రావాలి, ఈరన్న తలపాగా తీయాలి, నువ్వు ఆ మూల కూర్చోవాలి. అంతవరకు ఎనిమిది మందీ గోడకు ఆనుకుని నిలబడ్డారు. రొట్టె తట్ట నేను శ్రీనివాసులు ముందు పెడితే అతను దాన్ని నీ ముందుకు జరిపాడు. కడుపులో ఆకలి కళ్లలో కనబడుతోంది. అయినా జరిపాడు. మంచి ఇంటి పిల్లవాడు అనుకున్నాను. నలభై ఏళ్లు నేను పిల్లలకు నేర్పింది అదే కదా.

సాయంత్రం మైదానంలో ఆ పిల్లవాడే మళ్లీ అదే చేశాడు. రొట్టె బదులు బంతి.

నువ్వు గమనించలేదు, ఎందుకంటే ఎప్పుడూ నీ కళ్లు బంతి మీదే ఉంటాయి. నాకు ఆట తెలియదు కాబట్టి మనుషులను చూశాను. నువ్వు దగ్గరికి వస్తున్నావని తెలియగానే పిల్లలు "అన్నా!" అని పిలిచి తప్పుకుంటున్నారు. గుడి మెట్ల మీద పెద్దవాళ్లు ఎదురైతే ఎలా ఒదుగుతారో అలా. వాళ్లు బంతికి నీకంటే దగ్గరలో ఉన్నప్పుడు కూడా. రెండో సగంలో అలా జరిగిన ప్రతిసారీ కవరు మీద ఒక గీత గీశాను. పదకొండు గీతలు. నేను రాసుకుంటున్నానని నువ్వు చూసింది అదే. నా మొహంలో ఏం చదివావో తెలియదు గాని, నేను చేస్తున్నది లెక్క.

నువ్వు ఒక అడుగు ఆలస్యం అన్నది నిజం. కాని ఆ అడుగు ఎందుకు వేయవలసి వస్తోంది? ఆ బంతి నీది కాదు. నీకు వదిలిపెట్టిన బంతి. హిందూపురం ఆటలో శ్రీనివాసులు నిలబడిపోయింది భయంతో కాదు, మర్యాదతో. నువ్వు అతన్ని పిరికివాడన్నావు. అది నీ తప్పు, వెంటనే దిద్దుకో.

రెండో గోల్ సంగతి. పడిన హడావుడిలో నీకు గుర్తులేదేమో. శ్రీనివాసులు "అన్నా!" అని అరిచాడు. ఏ అన్న? మీరు ముగ్గురూ అతనికి అన్నలే. ముగ్గురూ ఎవరికి వారు తమ పిలుపే అనుకుని పరుగెత్తారు. అందులో ఒకరి పేరు పెట్టి పిలిచి ఉంటే ఇద్దరు తమ చోట్లలో ఉండేవాళ్లు. ఈలలు వేసినవాళ్లకు మీరు ముసలివాళ్లుగా కనబడ్డారు. నాకు మాత్రం ఒకే పేరున్న ముగ్గురు మనుషులుగా కనబడ్డారు.

నీ జట్టు వేసిన ఒక్క గోల్ ఎలా వచ్చింది? నువ్వు తల ఎత్తి కూడా చూడకుండా కుడివైపు ఖాళీ చోటుకు కొట్టావు. ఇంత పిచ్చిగా కొట్టాడేమిటి అనుకున్నాను. రెండు క్షణాల తర్వాత అక్కడ మీ పిల్లవాడు ఉన్నాడు. అది మిగతా పదిమందిలో ఎవరికీ రాదు. నువ్వు లేకపోతే ఆ జట్టు ఇంకా వేగంగా ఓడిపోతుంది. కమిటీ వేసుకున్న ప్రశ్నే సరికాదు. పాత ఆటగాళ్లు పనికివస్తారా అంటే వస్తారు, పెద్దలుగా కాదు. పదకొండు మందిలో ఒక్కొక్కరుగా.

కాబట్టి వాళ్లు నిన్ను పేరు పెట్టి పిలవాలి. గారు లేదు, అన్న లేదు. ఈ మాట రాయడానికి నా చేయి ఎంత మొరాయించిందో నీకు తెలియదు. పేరు పెట్టి పిలిచినందుకు నేను బెంచీ ఎక్కించిన పిల్లలు ఈ ఊళ్లో సగం మంది ఉన్నారు. మైదానం గీత దాటాక వాళ్లు నిన్ను ఎలా పిలుచుకున్నా సరే. గీత లోపల మాత్రం వద్దు.

ఆదోని వాళ్లతో ఆట మూడో తేదీన. చేసి చూడు. దరఖాస్తు పదో తేదీ వరకు నా దగ్గరే ఉంటుంది. ఆట అయ్యాక కూడా ఇవ్వమంటే ఆ రోజే ఇస్తాను.

రాహేలమ్మ.


కర్నూలు,
1955 డిసెంబరు 5.

అవ్వా,

ముందు ఫలితం చెబుతాను, లేకపోతే నువ్వు పంక్తులు దాటి చదువుతావు. గెలిచినాము. ఆదోని మీద రెండు ఒకటి.

ఇప్పుడు మొదటినుంచి. నీ ఉత్తరం అందిన సాయంత్రమే శ్రీనివాసులును పక్కకు పిలిచి, తప్పు నాదని చెప్పాను. వాడు బిత్తరపోయినాడు. ఆ తర్వాత అందరినీ కూర్చోబెట్టి పేరు సంగతి చెప్పాను. 

"అన్నా, నోరు రాదన్నా" అన్నాడు శ్రీనివాసులు.

"నోరు రాకుంటే బంతీ రాదు."

"మా నాయనకు తెలిస్తే ఇంట్లోకి రానీడు."

"మీ నాయనకు మైదానంలో ఏం పనుండాది?"

మొదటి రోజు వాడు "గాబ్రియేలు... గారూ" అన్నాడు. గారు పూర్తయ్యేలోపు బంతి అవతలి గోలు దాటింది. పేరు కూడా మరీ పొడుగైపోయిందని తగ్గించి "గాబ్రీ" అని ఖాయం చేసినాము.

బొజ్జన్నకు వేరే చిక్కు వచ్చింది. "నా పేర్లో అన్న పుట్టుకతోనే ఉండాడు గదప్పా. వాన్ని తీసేస్తే ఏం మిగుల్తాది?" అన్నాడు. ఎవడో వెనకనుంచి "బొజ్జ!" అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది బొజ్జన్నే. నవ్వుతుంటే పేరు ఊగింది.

పెద్ద ఈరన్నే ఒప్పుకోలేదు. "నా కొడుకు ఈడోడు నన్ను ఈరా అని పిలుస్తాడా? నేనేమన్నా వాళ్లింట్లో ఎద్దులు తోలుతాండానా?" అని స్టిక్కు పారేసి పోయినాడు. రెండు రోజులు రాలేదు. ఆట ముందు రోజు వచ్చి గీత బయట కూర్చుని శానా సేపు చూసినాడు. చివరికి లేచి, "సరే. బంతి ఉన్నంత సేపే" అన్నాడు. అయినా ఆటలో వాన్ని పిలవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఓయ్ అన్నారు.

ఆటలో ఒక్క సంగతి చెబుతాను. ఒకటీ ఒకటిగా ఉంది. బంతి నడుమకు వచ్చింది, నేను బయలుదేరినాను. పక్కనుంచి కేక: "గాబ్రీ, వదులు!" శ్రీనివాసులు. నన్ను పక్కకు తప్పుకోమని. అవ్వా, ఇరవై ఏళ్లుగా మైదానంలో ఎవరూ నన్ను తప్పుకోమనలేదు. తప్పుకున్నాను. వాడు నన్ను రాసుకుంటూ పోయి బంతి అందుకుని, మళ్లీ నాకే కొట్టినాడు. అప్పటికి నా ముందు ఖాళీ ఉంది, ఊపిరి ఉంది. పరుగెత్తవలసిన పని లేదు, చూడవలసిన పని మాత్రమే ఉంది. చూశాను, కొట్టాను. గోల్.

ఆ కేక ఇంకా చెవుల్లో ఉంది. గాబ్రియేలు అని నన్ను పిలిచేది నువ్వు ఒక్కదానివే. దీనమ్మ ఎప్పుడూ పేరు పలకలేదు, మొగుడి పేరు పలకకూడదు కదా. బొజ్జన్నకు నేను "ఏమప్పా". ఆఫీసులో "హెడ్ గుమాస్తాగారు". ఇన్నాళ్లు మంది మధ్యలో ఉంటూనే నేను ఎక్కడో దూరంగా ఎందుకున్నానో నాకు తెలిసేది కాదు. ఆట అయ్యాక గీత దాటినాము. శ్రీనివాసులు స్టిక్కు వెనక దాచుకుని "అన్నా, తప్పుగా అనుకోవద్దన్నా" అన్నాడు. మళ్లీ అన్ననైపోయినాను. కొంచెం దిగులు వేసింది.

ముసలోళ్లను తీసేయాలన్న మాట కమిటీ మానుకుంది. ఆఖరి ఆట నంద్యాలతో, 17న. గెలిచినా ఓడినా వచ్చే ఏడు కూడా ఉండి పిల్లోళ్లను తయారు చేయమని మహానంది అడుగుతున్నాడు. గురువారంలోగా మాట ఇయ్యాలంట. కడపలో డ్రిల్లు మేస్టరునైతే ఈ ఆట ఇంతటితో సరి. ఇక్కడుంటే ముందు గది ఖాళీ.

నాకు తేలడం లేదు. నువ్వే తేల్చు. దరఖాస్తు ఇవ్వమంటే ఇచ్చెయ్యి. నేను ఏమీ అనుకోను.

గాబ్రియేలు.


కడప,
1955 డిసెంబరు 7, బుధవారం.

ప్రియమైన గాబ్రియేలూ,

గురువారంలోగా మాట ఇవ్వాలని రాశావు కాబట్టి ఈ ఉదయమే మహానందికి తంతి పంపాను. "గాబ్రియేలు ఉంటాడు." రెండే మాటలు. తంతి గుమాస్తా నా పాత విద్యార్థి. "ఎక్కడుంటాడు టీచరమ్మా?" అని అడిగాడు. ఉండవలసిన చోట అని చెప్పాను.

తర్వాత హెడ్మాస్టరు ఇంటికి వెళ్లి నువ్వు రావడం లేదని చెప్పి వచ్చాను. దారిలో రెండుసార్లు ఆగాను. ఎండ వల్ల కాదు. డిసెంబరులో ఎండ ఏముంటుంది.

నువ్వు తేల్చమన్నావు, తేల్చాను. నువ్వు ఇక్కడికి వస్తే నాకు మనిషి దొరుకుతాడు, నీకు ఉద్యోగం దొరుకుతుంది. అంతమాత్రానికి నీ చోటు వదులుకోమని నేను అడగకూడదు. ఎవరో నిన్ను పేరు పెట్టి పిలిస్తే అది చెవుల్లో ఉండిపోయిందని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. నన్ను రాహేలూ అని పిలిచిన చివరి మనిషి మా అక్క. ఆమె పోయి ఆరేళ్లయింది. లక్ష్మీదేవమ్మకు నేను టీచరమ్మను, పాలమనిషికి అమ్మను, నీకు అవ్వను. ఈ ఊళ్లో అందరూ నాకు దారి ఇస్తారు. ఇది ఫిర్యాదు కాదు. నీకు తేలని విషయం నాకు ఎందుకు తేలిందో చెప్పడానికి రాశాను.

ఇకపై జరగవలసినవి:

1. నంద్యాల ఆటలో పెద్ద ఈరన్నను ఎవరైనా ఒకరు పేరు పెట్టి పిలవాలి. "ఓయ్" పేరు కాదు. కోపం వస్తే కడపలో ఒక ముసలామె చెప్పిందని చెప్పండి.

2. గెలుపో ఓటమో, ఆ రాత్రే కార్డు రాయాలి. గోల్సు ఎటునుంచి వచ్చాయో అందులో ఉండాలి.

3. వచ్చే ఏడు శ్రీనివాసులును నడుమ పెట్టి, నువ్వు అతని వెనక ఆడాలి. అప్పుడు "వదులు" అని నువ్వు కేక పెట్టకూడదు. అతను పెడితే వినాలి.

4. మోకాలికి రోజూ వేడి ఆముదం రాయాలి. రాసినట్టు రాయడం చాలదు.

5. ముందు గదిని కొత్తగా వచ్చే డ్రిల్లు మేస్టరుకు ఇస్తున్నాను. జమ్మలమడుగు కుర్రవాడట. నీ మేజాబల్ల వాడుకుంటాడు. సున్నం వేసిన గది ఖాళీగా ఉంచకూడదు.

6. సెలవు దొరికిన మొదటి రోజున నువ్వు ఇక్కడికి రావాలి. తలుపు కొట్టవద్దు, అవ్వా అనవద్దు. వాకిట్లో నిలబడి ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు. తలుపు వెంటనే తీయకపోతే వినబడలేదనుకుని మళ్లీ పిలవకు. వినబడే ఉంటుంది. కాసేపు ఆగు.

రాహేలు.